పాత ఆటకు కొత్త జానర్: పామును పుట్ట కాపలాకు పెట్టడం ఎలా

నోకియా రోజుల్లోని పాము ఆటను కొన్నేళ్ల కిందట పరుగు ఆటగా మార్చాను. ఫోను తెర మీద అడవి దారి, దారిలో రాళ్లు, కప్పలు, వాటి మధ్య వంపులు తిరుగుతూ దూసుకుపోయే పాము. బొమ్మలు ముచ్చటగా కుదిరాయి. ఆడమని ఇచ్చినవాళ్లందరూ మూడు నిమిషాలకే ఫోను తిరిగి ఇచ్చేశారు. మా తమ్ముడొక్కడు మొహమాటానికి ఐదు నిమిషాలు ఆడాడు. తప్పు ఎక్కడ జరిగిందో చాలా రోజులకు గానీ తెలియలేదు. ఎప్పుడూ ముందుకే పరుగు కాబట్టి పాము ఎంత పొడుగైనా దానికి ఇబ్బంది లేదు. తోక వెనక ఎక్కడో తెర బయట ఉంటుంది. నేను పామును వదిలేసి కుబుసం తెచ్చుకున్నాను.

ఆ దెబ్బ తిన్నాక నేర్చుకున్న పద్ధతి ఇది. పాత ఆటను మరో జానర్‌లోకి, అంటే మరో రకం ఆటగా, మార్చాలనుకునేవారి కోసం రాస్తున్నాను. కొద్దిగా ప్రోగ్రామింగ్ వస్తే మంచిదే కానీ, సగం పనికి కాగితం, పెన్సిలు, గుప్పెడు చింతగింజలు చాలు.

మొదటి అడుగు: చిన్న ఆటను ఎంచుకుని వారం రోజులు ఆడండి

నియమాలన్నీ ఐదారు వాక్యాల్లో చెప్పగలిగిన ఆటనే ఎంచుకోండి. వంద గంటల కథ ఉన్న ఆటను మార్చడం పెద్ద సంస్థల పని. మొదటిసారి ప్రయత్నించేవారికి టెట్రిస్, ప్యాక్‌మ్యాన్, స్పేస్ ఇన్వేడర్స్, బ్రేక్‌అవుట్, స్నేక్ లాంటివి సరిపోతాయి.

ఎంచుకున్న ఆటను జ్ఞాపకంలోంచి తీసుకోవద్దు. జ్ఞాపకం ఆటను గుర్తుపెట్టుకోదు, ఆ రోజుల్ని గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ ఆడండి. పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుని, ఓడిపోయిన ప్రతిసారీ ఎందుకు ఓడిపోయారో ఒక్క వాక్యం రాయండి. స్నేక్‌తో నేను ఈ పని చేసినప్పుడు పేజీ నిండా దాదాపు ఒకే మాట వచ్చింది: తిరగబోతే నా తోకే అడ్డం వచ్చింది. గోడకు గుద్దుకున్నవి ఎంత తక్కువో చూసి ఆశ్చర్యపోయాను.

ఈ వారంలోనే ఆ ఆట చరిత్ర కూడా తిరగేయండి. స్నేక్ నోకియాతో పుట్టలేదు. 1976లో గ్రెమ్లిన్ సంస్థ తెచ్చిన బ్లాకేడ్ అనే ఆర్కేడ్ ఆటలో ఇద్దరు ఆటగాళ్లు వెనకాల గోడ కట్టుకుంటూ పోయి ఒకరినొకరు ఇరికించుకునేవారు. 1997లో నోకియా 6110 ఫోనుతో అది మన జేబుల్లోకి వచ్చింది. ఇంతకుముందు ఎవరెవరు దాన్ని ఏ జానర్‌లోకి తీసుకెళ్లారో కూడా చూడండి. 2015లో వచ్చిన స్నేక్‌బర్డ్ దాన్ని ఆలోచించి ఆడే పజిల్ చేసింది. 2016లో స్లిదర్.ఐఓ వందలమంది ఒకే మైదానంలో ఆడేలా మార్చింది. 2021లో ఎస్ఎన్‌కేఆర్‌ఎక్స్ పాము ఒంట్లోని ఒక్కో ముక్కను ఒక్కో యోధుడిగా చేసింది. మూడూ మూడు దారులు, అయినా మూడింటిలోనూ పాము పామే. ఎందుకో తెలిస్తే సగం పని అయినట్టే.

రెండో అడుగు: చిక్కును పట్టుకోండి

నేను చిక్కు అంటున్నది కష్టాన్ని కాదు. ఆటగాడు ఏది కోరుకుంటాడో అదే అతని మెడకు చుట్టుకునే చోటును. స్నేక్‌లో తిండి తినాలి, తింటే పొడుగవుతాం, పొడుగైతే కదలడానికి చోటు ఉండదు. గెలుపే అడ్డుగోడ అవుతుంది. పైనుంచి రాలే ముక్కల్ని సందు లేకుండా పేర్చే టెట్రిస్‌లో మనం వదిలేసిన ఖాళీ ఎక్కడికీ పోదు, పైన కప్పుకుపోయి మనకోసం కాచుకుని ఉంటుంది. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో 55 గ్రహాంతర జీవులు వరసలు కట్టి దిగుతాయి, కాల్చేకొద్దీ మిగిలినవి వేగం పుంజుకుంటాయి. చివర్లో మిగిలిన ఒక్కటి పరుగులు పెట్టిస్తుంది.

ఆ వేగం ముందుగా అనుకుని పెట్టింది కాదు. తోమోహిరో నిషికాడో తయారుచేసిన ఆ యంత్రానికి అన్ని బొమ్మల్ని గీయడం భారమయ్యేది. బొమ్మలు తగ్గేకొద్దీ చకచకా గీసేది. ఆ లోపాన్ని సరిదిద్దకుండా ఆయన అలాగే ఉంచేశారు. అనుకోకుండా వచ్చిందే ఆటకు ప్రాణమైంది. కాబట్టి పాత ఆటలో ఏది అనుకుని పెట్టారు, ఏది యంత్రం పుణ్యమా అని వచ్చింది అన్న తేడాతో మీకు పని లేదు. చేతికి ఏది తగులుతోందో అదే లెక్క.

చిక్కును పట్టుకునే పరీక్ష సులువు. ఆటలోని వస్తువుల్ని మనసులో ఒక్కొక్కటిగా తీసేసి చూడండి. స్నేక్‌లో గోడల్ని తీసేస్తే? పాము ఇటు వెళ్లి అటు వస్తుంది, ఆట నిలబడుతుంది. వేగాన్ని తీసేస్తే? స్నేక్‌బర్డ్ ఆ పనే చేసింది, నిలబడింది. పాము బొమ్మ తీసేసి రైలు పెట్టెలు పెడితే? నిలబడుతుంది. పొడుగవడం తీసేస్తే? కూలిపోతుంది. ఏది తీస్తే కూలుతుందో అదే చిక్కు. దాన్ని ఒక్క వాక్యంలో రాసి బల్ల ఎదురుగా అంటించండి.

పెద్ద సంస్థలకు కూడా ఇదే పరీక్ష. 1986లో వచ్చిన మెట్రాయిడ్ పక్కనుంచి చూస్తూ ఆడే ఆట. 2002లో అమెరికాలోని ఆస్టిన్‌లో ఉన్న రెట్రో స్టూడియోస్ దాన్ని హీరోయిన్ కళ్లతో చూస్తూ ఆడే మెట్రాయిడ్ ప్రైమ్‌గా మార్చబోతే, అభిమానులు ఇది మామూలు తుపాకుల ఆట అయిపోతుందని భయపడ్డారు. అలా కాలేదు. మెట్రాయిడ్ చిక్కు కాల్పుల్లో లేదు, దారుల్లో ఉంది. ఇప్పుడు తెరవలేని తలుపు ఎదురవుతుంది, ఎక్కడో ఒక శక్తి దొరుకుతుంది, ఆ తలుపు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని వెనక్కి రావాలి. దాన్ని చెక్కుచెదరకుండా ఉంచి, గురి పెట్టే నైపుణ్యాన్ని తేలిక చేశారు. ఒక బటన్ నొక్కి పట్టుకుంటే గురి తనంతట తానే శత్రువు మీద నిలుస్తుంది. హీరోయిన్ బంతిలా ముడుచుకుని దొర్లే చోట మాత్రం కెమెరా ఆమె వెనక్కి వచ్చేస్తుంది. కళ్లలోంచే చూపించాలన్న పట్టుదలకు పోలేదు.

సిండికేట్ సంగతి చూడండి. 1993లో బుల్‌ఫ్రాగ్ సంస్థ తెచ్చిన ఆ ఆటలో నలుగురు ఏజెంట్లను పైనుంచి చూస్తూ, ఒకరిని ఇటు మరొకరిని అటు పంపుతూ ఒక్కో ప్రాంతాన్నీ చెప్పుచేతల్లోకి తెచ్చుకోవాలి. 2012 నాటి రూపంలో ఆటగాడు ఒక్క ఏజెంటు కళ్లలోకి దిగిపోయాడు. పేరు, లోకం, ఆయుధాలు మిగిలాయి కానీ నలుగురిని నడిపించే తల పోయింది. అది వ్యాపారపరంగా నిలబడలేదు. అందులో విమర్శకులు ఎక్కువగా మెచ్చుకున్నది నలుగురు ఆటగాళ్లు కలిసి ఆడే భాగం. అది కాకతాళీయమని నేను అనుకోను.

మూడో అడుగు: జానర్‌కు ఆ చిక్కుతో పొత్తు కుదురుతుందా?

చాలామంది తమకు నచ్చిన జానర్‌ను ముందే పట్టుకుని కూర్చుంటారు. నేనూ అంతే చేశాను. దానికి బదులు చిక్కును ముందు పెట్టి, ఏ జానర్ దాన్ని ఇంకాస్త బిగిస్తుందో చూడండి.

టెట్రిస్ 99 దీనికి మంచి పాఠం. 2019లో వచ్చిన ఆ ఆటలో 99 మంది ఒకేసారి ఆడతారు. మీరు తుడిచిన వరసలు ఎదుటివారి అడుగున చెత్తగా చేరతాయి. ఖాళీలు పేరుకుపోవడమే టెట్రిస్ చిక్కు కదా, ఇప్పుడు ఆ ఖాళీల్ని ఇంకొకరు కూడా మీ నెత్తిన పెడుతున్నారు. జానర్ మారింది, చిక్కు రెట్టింపైంది.

2008 నాటి ఫాల్‌అవుట్ 3 మరో దారి పట్టింది. 1997 నాటి ఫాల్‌అవుట్‌లో పోరు ఎవరి వంతు వారికి అన్నట్టు సాగేది, శరీరంలో ఏ భాగాన్ని కొట్టాలో ఎంచుకుంటే తగిలే అవకాశం ఎంత శాతమో చూపించేది. కళ్లతో చూస్తూ కాల్చే ఆటగా మార్చినప్పుడు కాలాన్ని ఆపి అదే ఎంపిక చేసుకునే ఏర్పాటును అందులోకి తెచ్చారు. కొత్త జానర్ పరుగులో పాత జానర్ ఆలోచనకు ఒక మజిలీ ఇచ్చారన్న మాట.

మరీ కొత్తది తట్టకపోతే ఆట అంచుల్లో వెతకండి. ప్యాక్‌మ్యాన్ యంత్రంలో లెవెల్ లెక్క ఒక బైటులో పట్టక 256వ లెవెల్‌లో తెర కుడి సగం పిచ్చి అక్షరాలతో నిండిపోయేది. ఆ లోపాన్నే 2015లో ప్యాక్‌మ్యాన్ 256 కథావస్తువు చేసుకుంది. కింది నుంచి ఆ అక్షరాల చెత్త తరుముకొస్తుంటే అంతులేని చిట్టడవిలో పైకి పారిపోవాలి. నా పరుగు ఆట ఎందుకు చచ్చిందో, ఇది ఎందుకు బతికిందో పోల్చి చూడండి. ప్యాక్‌మ్యాన్ మొదటినుంచీ తరిమే ఆటే.

నా పాముకు చివరికి టవర్ డిఫెన్స్ కుదిరింది. శత్రువులు ఒక చోటికి చేరకుండా దారుల్లో బురుజులు కట్టి ఆపే జానర్ అది. పాము ఒళ్లే గోడ అయితే? పొడుగైతే కాపలా బాగుంటుంది, కానీ పొడుగైన పాము తొందరగా మళ్లలేదు. పొత్తు కుదిరింది.

నాలుగో అడుగు: మూడు గీతల కాగితం

ఒక కాగితాన్ని మూడు నిలువు భాగాలు చేయండి: ఉంచేవి, మార్చేవి, వదిలేవి. ఉంచే వరస మూడు అంశాలు దాటితే మీరు కొత్త ఆట చేయడం లేదు, పాతదానికి రంగు వేస్తున్నారు. నా కాగితంలో ఉంచినవి రెండే, పొడుగవడమూ తన ఒంటి మీదకు తాను వెళ్లలేకపోవడమూ. మార్చింది కాలం: ఎవరి వంతు వారికి. వేగాన్ని వదిలేశాను. గోడకు తగిలితే చావడాన్ని కూడా.

ఐదో అడుగు: చింతగింజలతో ఆడండి

ఈ అడుగును దాటేసి కంప్యూటర్ ముందుకు పరుగెత్తేవారు ఎక్కువ. దాటకండి. కంప్యూటర్‌లో ఒక నియమం మార్చడానికి పూట పడితే, కాగితం మీద ఒక మాట పడుతుంది.

లెక్కల నోటుబుక్కులో ఏడు గళ్లు అడ్డం, ఏడు గళ్లు నిలువు గీయండి. నడిమధ్య గడి పుట్ట. చింతగింజలు పాము ఒళ్లు, మొదట మూడు. తలకు ఒక గింజ మీద సున్నం బొట్టు. చొక్కా గుండీలు ముంగిసలు, పెసలు కప్పలు. 1 నుంచి 7 వరకు అంకెలు రాసిన చీటీలు తీసి కప్ప ఏ గడిలో పడాలో తేల్చండి. పాము రెండు గడులు కదిలితే ముంగిస ఒక గడి కదులుతుంది, ఎప్పుడూ పుట్ట వైపు దగ్గరి దారిలో. ముంగిస పాము ఒంటి మీదుగా దాటలేదు. ఏటవాలు కదలిక ఎవరికీ లేదు. ముంగిస పుట్ట చేరినా, పాముకు కదలడానికి గడి లేకపోయినా ఓటమి. ముంగిసను అన్ని వైపులా మూసేస్తే అది బల్ల మీద నుంచి వెళ్లిపోతుంది.

గింజలతో పామును కదపడంలో ఒక కిటుకు ఉంది. అన్నిటినీ జరపక్కర్లేదు. తోక చివరి గింజ తీసి తల ముందు పెట్టి, బొట్టు గింజతో స్థానం మార్చితే చాలు. కప్పను తిన్నప్పుడు తోక గింజను ముట్టుకోకుండా కొత్త గింజ చేర్చాలి. రేపు ప్రోగ్రాములో రాయబోయేది కూడా అచ్చంగా ఇదే.

పది ఆటలు ఆడాక కాగితం దానంతట అదే మాట్లాడుతుంది. మూలలో ఉన్న ముంగిసను మూయడానికి మూడు గింజల పాము చాలు. అంచున ఉంటే ఐదు కావాలి. బల్ల మధ్యలో ఉంటే ఏడు. నేను ఈ అంకెల్ని ముందుగా అనుకోలేదు, గళ్లే ఇచ్చాయి. చిన్న పాము మూలల్లో కాచుకోవాలి, పెద్దదైతే మధ్యలో వేటాడొచ్చు. ఆట ఎదుగుదల ఉచితంగా దొరికింది.

తర్వాత మా అక్క కూతురు, పదేళ్ల పిల్ల, కూర్చుని పావుగంటలో ఆటను చంపేసింది. పాము ఎనిమిది గింజలకు రాగానే పుట్టను ఆనుకుని గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. పుట్ట చుట్టూ ఉన్నవి ఎనిమిది గళ్లు, పాము ఎనిమిది గింజలు. తల ముందుకు వేసిన గడి తోక అప్పుడే వదిలిన గడి. సందు లేదు. "మామయ్యా, ఇక ఇవెప్పటికీ లోపలికి రాలేవు కదా?" అంది. రాలేవు. గుండీలు చుట్టూ చేరి నిలబడ్డాయి.

ఇలాంటిది జరిగినప్పుడు ఆ దారిని నిషేధించే నియమం పెట్టాలనిపిస్తుంది, వరసగా రెండుసార్లు చుట్టకూడదు అని. పెట్టకండి. ఆటగాడి తెలివిని శిక్షించే నియమం అది. బల్ల ఎదురుగా అంటించిన వాక్యం దగ్గరికి వెళ్లండి. కోరుకున్నదే మెడకు చుట్టుకోవాలి. నా చుట్ట ఎందుకు భద్రంగా ఉందంటే, పొడవు వచ్చాక దాన్ని నిలబెట్టుకోవడానికి ఏ ఖర్చూ లేదు. అందుకే ఆకలి పెట్టాను. ఆరు ఎత్తుల్లో కప్ప దొరక్కపోతే తోక నుంచి ఒక గింజ రాలిపోతుంది, పుట్టను ఆనుకున్న గళ్లలో కప్పలు పడవు. ఇప్పుడు కాపలాకు పొడవు కావాలి, పొడవు కోసం కాపలా వదలాలి, వదిలి వెళ్లిన పొడుగు పాము వెనక్కి తిరిగేలోగా గుండీలు కదిలిపోతాయి. ఆ పిల్ల మళ్లీ చుట్ట చుట్టింది, కానీ ఈసారి ఎప్పుడు విప్పాలా అని గోళ్లు కొరుక్కుంది.

ఆరో అడుగు: తెర మీదికి

గోడో లాంటి ఉచిత గేమ్ ఇంజిన్ (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) చాలు. పామును గడుల జాబితాగా దాచండి, ముందు చేర్చండి, వెనక తీసేయండి. ముంగిసకు దగ్గరి దారి వెతకడానికి పుట్ట నుంచి బయటికి అలలా లెక్క వేసుకుంటూ పోయే పద్ధతి ఉంది. ప్రతి గడిలో పుట్టకు ఎన్ని గడుల దూరమో అంకె పడుతుంది, ముంగిస తన చుట్టూ ఉన్న అంకెల్లో చిన్నదాని వైపు అడుగు వేస్తుంది. పాము కదిలిన ప్రతిసారీ లెక్క మళ్లీ వేయాలి. 49 గళ్లే కాబట్టి ఫోనుకు అది లెక్కలోకి రాదు.

ఈ దశలో బొమ్మలు వద్దు. పాము బూడిద రంగు చతురస్రాలు, ముంగిస ఎర్ర చతురస్రం. చతురస్రాలతో ఆడబుద్ధి కాకపోతే బొమ్మలతో కూడా కాదు. నా పరుగు ఆట నేర్పిన ఇంకో పాఠం ఇది.

ఏడో అడుగు: ఇద్దరి చేత ఆడించండి

పాత ఆట ఆడినవారొకరు, దాని పేరే విననివారొకరు. ఇద్దరూ కావాలి. మొదటివారు పాత అలవాటుతో ఎక్కడ తడబడతారో చూడండి. నా ఆటలో స్నేక్ తెలిసినవారు కదలకుండా ఆగడానికి భయపడ్డారు, పాము దానంతట అదే ముందుకు వెళ్లిపోతుందని. అందుకే మొదటి ఎత్తులో పామును నాలుక ఆడిస్తూ కూర్చోబెట్టాను, వెంటనే కుదుటపడ్డారు. రెండోవారికి పాత జ్ఞాపకం సాయం చేయదు కాబట్టి, ఆట తన కాళ్ల మీద తాను నిలబడుతోందో లేదో వాళ్లే చెబుతారు. ఆడుతున్నప్పుడు మీరు నోరు విప్పకూడదు. నాకు ఇది అన్నిటికన్నా కష్టం.

పాత వాసన ఎంత ఉండాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. ఆకుపచ్చ తెర, టిక్కుటిక్కుమనే చప్పుడు, లావాటి చుక్కల అక్షరాలు అన్నీ కలిపి పోస్తే అది ప్రదర్శనశాల అవుతుంది. నేను ఒక్కటే ఉంచాను, కప్పను మింగినప్పుడు వచ్చే పొట్టి చప్పుడు. అదీ నేనే కొత్తగా చేసుకున్నది.

ఎనిమిదో అడుగు: పేరు, చట్టం, విడుదల

ఆలోచనకు కాపీరైట్ ఉండదు, దాన్ని వ్యక్తం చేసిన రూపానికి ఉంటుంది. మన దేశంలో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే ఈ సూత్రాన్ని స్పష్టం చేసింది. అంటే తింటే పొడుగయ్యే జీవి అన్న నియమం ఎవరి సొత్తూ కాదు. అలాగని రూపాన్ని ఎత్తుకొస్తే ఊరుకోరు. మినో అనే ఆట తయారుచేసిన జియో ఇంటరాక్టివ్ (Xio, మన ఫోన్ల జియో కాదు) సంస్థ తాము టెట్రిస్ నియమాలను మాత్రమే తీసుకున్నామని వాదించింది. ముక్కల తీరు, పది గళ్ల వెడల్పు ఇరవై గళ్ల ఎత్తు ఉన్న బల్ల కూడా అచ్చం అవే ఉన్నాయని 2012లో అమెరికాలోని న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు టెట్రిస్ వైపే తీర్పు ఇచ్చింది. 2016లో ఒక అభిమాని ఏళ్లపాటు శ్రమించి మెట్రాయిడ్ రెండో భాగాన్ని తిరిగి చేసి ఉచితంగా ఇస్తే, మెట్రాయిడ్ సొంతదారు నింటెండో నోటీసులతో కొద్ది రోజుల్లోనే డౌన్‌లోడ్ లింకులు పోయాయి. డబ్బు తీసుకోకపోతే ఫరవాలేదన్న ధీమా పనికిరాదు.

ట్రేడ్‌మార్క్ వేరే సంగతి. పాత ఆట పేరును మీ పేరులో ఇరికించకండి, దుకాణం పేజీలో వెతుకులాట పదంగా కూడా వాడకండి. జానర్ నిజంగా మారి ఉంటే పాత పేరుతో పని పడదు. నా ఆట పేరు పుట్ట కాపలా. సందేహం ఉంటే, ముఖ్యంగా డబ్బుకు అమ్మాలనుకుంటే, ఒక న్యాయవాదికి చూపించండి.

మొదట ఇచ్ డాట్ ఐఓ అనే ఆటల సైటులో పెట్టండి, అక్కడ పెట్టడానికి రుసుము లేదు. గూగుల్ ప్లేలో డెవలపర్ ఖాతాకు ఒకసారి 25 డాలర్లు, కంప్యూటర్ ఆటల దుకాణం స్టీమ్‌లో ఒక్కో ఆటకు 100 డాలర్లు అవుతాయి. పేజీలో పెట్టే మొదటి చిత్రం మీ ఆట చిక్కు బిగిసిన క్షణం కావాలి. నాది ఇలా ఉంది: పుట్ట చుట్టూ ఏడు గింజల పొడవున పాము, ఎనిమిదో గడి ఖాళీ, ఆ గడి పక్కనే ముంగిస, ఎక్కడో దూరంగా అంచున ఒక కప్ప.